న్యారో గేజ్ లేఅవుట్: ముందు మనిషి బొమ్మ, ఆ తర్వాతే ఇంజన్

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: రెండు మీటర్ల పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పున్న బోర్డు ఉంది. హెచ్‌ఓ స్కేల్‌లో, అంటే అసలు రైలుకి 87వ వంతు సైజులో, ఒక చిన్న మోడల్ డీజిల్ ఇంజన్, నాలుగైదు వ్యాగన్లు, కొంత పట్టా, రెండు పాయింట్లు (రైలు దారి మార్చే పట్టా ముక్కలు) ఉన్నాయి. వాటినే వాడుకుని కొండల్లో తిరిగే న్యారో గేజ్ రైలు, అంటే పట్టాల మధ్య దూరం (గేజ్) మామూలు కంటే తక్కువుండే రైలు చేయాలని ఉంది. ఏ స్కేల్ ఎంచుకోవాలో తేలడం లేదు, ఇంజన్‌కి కొత్త బాడీ కడితే ఆటబొమ్మలా కనిపిస్తోంది, పాయింట్ల మీద వ్యాగన్లు పట్టాలు తప్పుతున్నాయి, డీసీసీ (ఇంజన్లని డిజిటల్ సంకేతాలతో నడిపే పద్ధతి) ఇప్పుడే పెట్టాలా అన్నది ఆఖరి సందేహం. ఇరవై ఏళ్లకు పైగా నేను న్యారో గేజ్ మోడళ్లే చేస్తున్నాను. నా చేతుల్లో పాడైనవీ బాగుపడినవీ రెండూ చెబుతాను.

ముందు హెచ్‌ఓఎన్3, ఓఎన్30 లాంటి స్కేల్ పేర్లలో ఉన్న అక్షరాల గందరగోళం తీసేద్దాం. ముందున్న అక్షరం స్కేల్‌ని చెబుతుంది. మధ్యలో ‘ఎన్’ అంటే న్యారో. చివరి అంకె అసలు రైల్వేలో పట్టాల మధ్య దూరం: 3 అంటే మూడడుగులు, 30 అంటే ముప్ఫై అంగుళాలు. హెచ్‌ఓఎన్3 అంటే 1:87 స్కేల్‌లో మూడడుగుల గేజ్, దాని పట్టా 10.5 మి.మీ. హెచ్‌ఓఎన్30 కూడా 1:87లోనే, కానీ ఎన్ అనే ఇంకా చిన్న స్కేల్ వాళ్ల 9 మి.మీ. పట్టా మీద నడుస్తుంది. ఓఎన్30 అంటే 1:48 స్కేల్, నడిచేది మాత్రం మీ దగ్గరున్న హెచ్‌ఓ పట్టా మీదే, అంటే 16.5 మి.మీ. మీద.

న్యారో గేజ్ మోడలింగ్‌లో ఉన్న తెలివంతా ఈ అరువులోనే ఉంది. 16.5ని 48తో గుణించండి, 792 మి.మీ. వస్తుంది. అసలు ముప్ఫై అంగుళాలంటే 762 మి.మీ. తేడా 30 మి.మీ., మోడల్ మీద చూస్తే అర మిల్లీమీటరు కంటే కాస్త ఎక్కువ. కంటికి ఆనదు. అందుకే హెచ్‌ఓ ఇంజన్ల చాసిస్‌లూ (కింది చట్రాలు) మోటార్లూ చక్రాలూ యథాతథంగా తీసుకుని, పైన మాత్రం పెద్ద స్కేల్‌లో కట్టుకుంటారు. జర్మన్ కంపెనీ ఎల్‌జీబీ 1968లో పెద్ద తోట రైళ్లు తెచ్చినప్పుడు కూడా ఇదే పని చేసింది. 45 మి.మీ. పట్టా మీద 1:22.5 స్కేల్ పెడితే మీటర్ గేజ్‌కి సరిపోయింది. తర్వాత అదే 45 మి.మీ. పట్టా మీద 1:20.3 పెట్టి మూడడుగుల గేజ్ చేశారు.

మీకు నేను చెప్పేది ఓఎన్30. చేతిలో ఉన్న సామాను పనికొస్తుందన్నది ఒక కారణం. అంతకంటే పెద్ద కారణం, 1:48లో మనిషి బొమ్మ 36 మి.మీ. ఎత్తుంటుంది. తలుపు గడియ, బ్రేకు చక్రం, నూనె డబ్బా ఇవన్నీ చేత్తో చేయగలిగే సైజులో ఉంటాయి. సొంతంగా మార్పులు చేసుకోవాలనుకునేవాళ్లకి ఈ సైజు చాలా అనుకూలం. అమెరికాలోని కొలరాడోలో నడిచిన డెన్వర్ అండ్ రియో గ్రాండ్ లాంటి మూడడుగుల లైన్‌ని అచ్చుగుద్దినట్టు చేయాలంటే ఓఎన్30 రాజీ అవుతుంది. 914 మి.మీ. ఉండాల్సిన చోట 792 ఉంటుంది, తెలిసినవాళ్లు పట్టేస్తారు. అలాంటివాళ్లు ఓఎన్3కి వెళ్లి 19 మి.మీ. పట్టా వేసుకుంటారు. మీరు ఫలానా లైన్ అని చెప్పలేదు కాబట్టి మీకు ఆ చిక్కు లేదు. రైలు గుండ్రంగా తిరుగుతూనే ఉండాలి, చుట్టూ కొండలు పెద్దగా కనిపించాలి అన్నదే మీ కోరికైతే మాత్రం హెచ్‌ఓఎన్30 మంచిది. 23 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో వంపు తిప్పుకోవచ్చు, 60 సెంటీమీటర్ల బోర్డులో పూర్తి చుట్టు పడుతుంది. కాకపోతే మీ డీజిల్ ఇంజన్‌ని పక్కన పెట్టేయాలి.

ఇక మీ ఇంజన్ ఎందుకు బొమ్మలా కనిపిస్తోందో చూద్దాం. మీరు పెట్టిన ఫొటోలు రెండుసార్లు జూమ్ చేసి చూశాను. పెయింట్ బాగానే ఉంది, అతుకులు కూడా శుభ్రంగా ఉన్నాయి. లోపం వేరే చోట ఉంది. మీ క్యాబ్ (డ్రైవర్ గది) తలుపు 22, 23 మి.మీ. ఉన్నట్టుంది. ఆరడుగుల తలుపు 1:87లో 21 మి.మీ. ఉంటుంది, 1:48లో 38 ఉండాలి. 36 మి.మీ. డ్రైవర్ ఆ తలుపులోంచి లోపలికి వెళ్లలేడు. చూసేవాడు కొలవడు కానీ, ఆ తలుపు చూడగానే అతని కన్ను ‘ఇది హెచ్‌ఓ ఇంజన్’ అని తేల్చేస్తుంది. ఆ తర్వాత మీరు ఎంత పెద్ద క్యాబ్ కట్టినా లాభం లేదు.

స్కేల్‌ని చెప్పేది పట్టా కాదు, మనిషి చెయ్యీ కాలూ తగిలే వస్తువులు: మెట్టు, తలుపు, కిటికీ, పట్టుకునే కడ్డీ, సీటు, లాంతరు, బ్రేకు చక్రం. ఇవి 1:48లో ఉంటే కింద ఏ చాసిస్ ఉన్నా ఇంజన్ 1:48లోనే కనిపిస్తుంది. అందుకే నేను ఏ పని మొదలుపెట్టినా ముందు ఒక మనిషి బొమ్మని బల్ల మీద నిలబెడతాను. ఇంజన్ పూర్తయ్యేదాకా అది అక్కడి నుంచి కదలదు.

మీ ఇంజన్‌కి ఇలా చేయండి. పాత బాడీలో క్యాబ్ కోసి తీసేయండి. ముందున్న హుడ్‌ని (ఇంజన్ యంత్రాన్ని కప్పే భాగం) మాత్రం పారేయకండి. హెచ్‌ఓలో ఆరడుగుల వెడల్పున్న హుడ్ 21 మి.మీ. ఉంటుంది, అదే 1:48లో సరిగ్గా మీటరు వెడల్పు. గనుల్లో, చెరకు తోటల్లో నడిచే చిన్న డీజిల్ ఇంజన్‌కి మీటరు వెడల్పు హుడ్ అతికినట్టు సరిపోతుంది. దాని మీద అచ్చుపోసిన చిన్నచిన్న తలుపుల గీతలు, సన్నటి గ్రిల్ చువ్వలు ఉంటే గీకేసి సాపు చేయండి, ఎందుకంటే అవీ స్కేల్‌ని బయటపెడతాయి. వాటి చోట పెద్ద గడియలతో రెండే తలుపులు గీసుకోండి.

క్యాబ్‌ని ముందు స్టైరీన్ ప్లాస్టిక్‌తో కట్టొద్దు. పాత క్యాలెండర్ అట్టతో కట్టండి. వెడల్పు 44 మి.మీ. పెట్టండి, అసలు ఏడడుగులు. పట్టా వెడల్పు 16.5 మాత్రమే కాబట్టి ఇంజన్ రెండు పక్కలా బాగా బయటికి వచ్చి ఉంటుంది. చూడగానే ‘ఇది పడిపోతుందేమో’ అనిపిస్తుంది. భయపడకండి, న్యారో గేజ్ అందమే అది. అసలు రెండడుగుల లైన్లలో పట్టా వెడల్పుకి మూడు రెట్లు వెడల్పున్న పెట్టెలు నడిచాయి. తలుపు 38 నుంచి 40 మి.మీ., కింద మెట్ల మధ్య దూరం 8 మి.మీ., చేతి కడ్డీకి 0.5 మి.మీ. ఇత్తడి తీగ. లాంతరు వెడల్పు 6 మి.మీ. దాకా ఉండొచ్చు. హెచ్‌ఓ లాంతరు పెడితే ఇంజన్‌కి చీమ కళ్లలా ఉంటుంది. అట్ట క్యాబ్‌ని చాసిస్ మీద పెట్టి, పక్కన మనిషిని నిలబెట్టి, కళ్లు పట్టా ఎత్తుకి దించి చూడండి. నేనైతే రెండు మూడు రోజులు అలాగే ఉంచి, వచ్చిపోతూ చూస్తాను. కప్పు ఎత్తు తగ్గించాలనో, కిటికీ పక్కకి జరపాలనో అప్పుడు తడుతుంది. అట్టని మార్చడానికి ఐదు నిమిషాలు చాలు.

ఆకారం కుదిరాక 1 మి.మీ. స్టైరీన్ షీట్ తీసుకోండి. కత్తితో పూర్తిగా కోయొద్దు, రెండుసార్లు గట్టిగా గీత గీసి విరవండి, అంచు తిన్నగా వస్తుంది. కిటికీలు కోయడం మాత్రం గోడ ఇంకా షీట్‌గా ఉన్నప్పుడే పూర్తి చేయండి. నాలుగు మూలల్లో చిన్న రంధ్రాలు వేసి, వాటి మధ్య కోసి, ఆకురాయితో సరిచేయండి.

ఇక్కడ నాకు బాగా నష్టం చేసిన విషయం ఒకటి చెప్పాలి. గోడ మందంగా ఉండాలని రెండు షీట్లు కలిపి, మధ్యలో ప్లాస్టిక్ సిమెంటు ధారాళంగా రాసి అతికించాను. ఆ రోజు అద్దంలా తిన్నగా ఉంది. పెయింట్ కూడా అయిపోయింది. నెల తర్వాత చూస్తే గోడ విల్లులా వంగిపోయింది. రెండు షీట్ల మధ్య చిక్కుకున్న ద్రావకం బయటికి పోయే దారి లేక, లోపలే ప్లాస్టిక్‌ని మెత్తబరుస్తూ ఉండిపోయింది. అప్పటి నుంచి లోపలి షీట్‌కి పది పన్నెండు చిన్న రంధ్రాలు వేసి, సిమెంటు పలుచగా రాసి, బరువు కింద రెండు రోజులు ఉంచుతున్నాను. నాలుగు వైపులా మూసుకుపోయే పెట్టెలాంటి భాగం ఏది కట్టినా కింద ఒక కంత వదులుతాను. కిటికీ అద్దాలకి సూపర్ గ్లూ వాడొద్దు, దాని ఆవిరికి అద్దం తెల్లగా మసకబారుతుంది. తెల్ల జిగురు చాలు, ఆరితే కనిపించదు.

చక్రాల సంగతి కూడా ఒకటి ఉంది. హెచ్‌ఓ డీజిల్ చక్రం సుమారు 11.7 మి.మీ. ఉంటుంది, 1:48లో అది 22 అంగుళాలు. చిన్న పారిశ్రామిక ఇంజన్‌కి బాగానే నప్పుతుంది. వ్యాగన్ చక్రాలు 9.6 మి.మీ., అంటే 18 అంగుళాలు. గని బండ్లకి పరవాలేదు. బోగీల (పెట్టె కింద తిరిగే చక్రాల చట్రాలు) మీద నడిచే పెద్ద పెట్టెకి మాత్రం మరీ చిన్నగా కనిపిస్తాయి. పెట్టెలు చేయాలనుకుంటే ఓఎన్30 బోగీలు తీసుకోండి. కప్లింగుల (బండ్లని కలిపే కొక్కేలు) ఎత్తు మాత్రం హెచ్‌ఓ ఎత్తులోనే ఉంచండి. రెడీమేడ్ ఓఎన్30 బండ్లు చాలావరకు అదే ఎత్తులో వస్తున్నాయి, రేపు ఒకటి కొంటే నేరుగా తగిలించుకోవచ్చు.

పట్టా గురించి. హెచ్‌ఓ ఫ్లెక్స్ ట్రాక్‌ని (కావలసినట్టు వంచుకునే రెడీమేడ్ పట్టా) అలాగే వేస్తే దాని స్లీపర్లు మోసం బయటపెట్టేస్తాయి. అవి సన్నగా, దగ్గర దగ్గరగా, సుమారు ఆరు మి.మీ. దూరంలో ఉంటాయి. న్యారో గేజ్‌లో స్లీపర్లు ఎడంగా ఉండాలి. 1:48లో 12, 13 మి.మీ. దూరం, 36 మి.మీ. పొడవు, నాలుగు మి.మీ. వెడల్పు బాగుంటుంది. నా సలహా ఏంటంటే, వెనకవైపు కనిపించని చోట మీ పాత పట్టా వేసేయండి. బోర్డు ముందు భాగంలో ఒక మీటరు మాత్రం చేత్తో వేయండి. చెక్క పుల్లలు కోసి, ఇండియన్ ఇంకు కలిపిన ఆల్కహాల్‌లో ముంచి ఆరబెట్టండి. ఒక్కొక్కటి ఒక్కో బూడిద రంగులో వస్తుంది, పెయింట్‌తో అంత సహజంగా రాదు. అతికించేటప్పుడు చివరలు కాస్త హెచ్చుతగ్గులుగా ఉండనివ్వండి. ఆరాక పైన ఇసుక కాగితంతో సమం చేయండి, లేకపోతే రైలు ఊగుతుంది. రైలు కడ్డీ కోడ్ 70 తీసుకోండి. అంటే 0.070 అంగుళం ఎత్తు, 1:48లో దాదాపు 85 మి.మీ. అసలు గజానికి 35 పౌన్లుండే తేలికపాటి పట్టా ఇంచుమించు అంత ఎత్తే ఉంటుంది. కోడ్ 100 పెడితే పెద్ద లైన్ పట్టాలా బరువుగా కనిపిస్తుంది.

మీ పాయింట్లు రెండూ హెచ్‌ఓవే కాబట్టి వాటి స్లీపర్ల పైదాకా సన్నటి మట్టితో కప్పేయండి. చిన్న లైన్లలో యార్డు అలాగే మట్టిలో కూరుకుపోయి ఉంటుంది, ఎవరికీ తేడా తెలియదు. కదిలే బ్లేడుల దగ్గర మాత్రం గింజ కూడా పడనివ్వొద్దు. మట్టిని సన్న జల్లెడ పట్టి, ఒకసారి వేడి చేసి, ఆరాక అయస్కాంతం తిప్పండి. మట్టిలో ఇనుప రజను ఎంతుంటుందో అప్పుడు తెలుస్తుంది. అది వదిలేస్తే మోటారు అయస్కాంతం లాగేసుకుని గేర్లలో చేరుతుంది. ఆల్కహాల్ కలిపిన నీళ్లు చిలకరించి, తర్వాత తెల్ల జిగురులో అంతే నీళ్లూ ఒక చుక్క గిన్నెలు తోమే ద్రవమూ కలిపి డ్రాపర్‌తో వదలండి.

రెండు మీటర్ల బోర్డులో చుట్టు తిప్పడం కంటే జిగ్‌జాగ్ వేయమంటాను. 1881లో పూర్తయిన డార్జిలింగ్ లైన్ కొండ ఎక్కింది లూపులతో, జిగ్‌జాగ్‌లతోనే. బండి ముందుకి వెళ్లి ఆగుతుంది, పాయింటు మారుస్తారు, వెనక్కి నడుస్తూ పైకెక్కుతుంది, మళ్లీ ఆగి ముందుకి. చిన్న బోర్డులో ఇదే పెద్ద ప్రయాణంలా అనిపిస్తుంది, నడిపేవాడికి చేతినిండా పని ఉంటుంది. వాలు నూటికి నాలుగు పెట్టుకోవచ్చు. కొలరాడోలో కంబ్రెస్ పాస్‌కి ఎక్కే అసలు లైన్ వాలు కూడా అంతే. మీటరుకి 4 సెంటీమీటర్లు పైకి వెళ్తుంది, అంటే కింది పట్టాకీ పై పట్టాకీ మధ్య రాతి గోడ ఒక మనిషి కంటే కాస్త ఎత్తు ఉంటుంది. ఆ గోడ పక్కన బొమ్మని నిలబెడితే మీ లేఅవుట్ స్కేల్ మొత్తం అక్కడే తెలిసిపోతుంది. చివరల్లో ఆగే చోటు ఇంజనూ రెండు వ్యాగన్లూ పట్టేంత వదలండి, మీ ఇంజన్ ఆ వాలు మీద రెండింటిని లాగుతుందో లేదో ముందే ఒక పలక మీద పట్టా బిగించి చూసుకోండి. గోడలు కట్టే ముందు, మీ దగ్గరున్న వాటిలో పొడవైన బండికి మధ్యలో ఒక పెన్సిల్, మూలకి ఒక పెన్సిల్ టేపుతో కట్టి మెల్లగా తోయండి. వంపుల్లో మధ్యభాగం లోపలికి, మూల బయటికి ఎంత వస్తాయో బోర్డు మీద గీత పడుతుంది. ఆ గీత దాటి ఏదీ కట్టొద్దు.

ఇప్పుడు పట్టాలు తప్పడం. తప్పేది పాయింట్ల మీదే అన్నారు, తిన్నని పట్టా మీద బాగానే వెళ్తున్నాయన్నారు. అలాగైతే ముందు అనుమానించాల్సింది చక్రాల మధ్య దూరాన్ని. అమెరికా మోడల్ రైల్వే సంఘం ఎన్‌ఎంఆర్‌ఏ వాళ్ల గేజ్ పలక ఒకటి దొరుకుతుంది, దాంట్లో ప్రతి చక్రాల జతనీ పెట్టి చూడండి. ఒక చక్రం ఇరుసు మీద కాస్త లోపలికి జరిగి ఉంటుంది. దాన్ని తిప్పుతూ మెల్లగా లాగితే సరిపోతుంది. అదే పలకతో పాయింటు ఫ్రాగ్ (రెండు పట్టాలు ఒకదాన్నొకటి దాటే ముక్క) దగ్గర సందు కూడా కొలవండి.

చక్రాలు సరిగ్గా ఉండి కూడా దిగిపోతుంటే బోగీ స్క్రూలు చూడండి. నాలుగు కాళ్ల బల్ల ఎగుడుదిగుడు నేల మీద ఊగుతుంది, మూడు కాళ్ల పీట ఊగదు. వ్యాగన్‌ని కూడా మూడు కాళ్ల పీటలా చేయాలి. ఒక బోగీ స్క్రూని, అది కుడి ఎడమలకి తిరుగుతూ పక్కలకి మాత్రం ఊగనంత బిగించండి. రెండో బోగీని అన్ని వైపులా స్వేచ్ఛగా కదిలేలా వదులు చేయండి. రెండూ బిగించినా, రెండూ వదిలేసినా తప్పే. ఆ తర్వాత బరువు. 1:48 బాడీ ఎత్తుగా ఉంటుంది, కింద పట్టా సన్నగా ఉంటుంది. బరువు పైన ఉంటే వంపులో ఒరుగుతుంది. సీసం ముక్కలు నేల అడుగున, ఇరుసుల మధ్య అతికించండి. సీసం పట్టుకున్నాక చేతులు కడుక్కోండి.

డీసీసీ గురించి ఎక్కువ చెప్పను. ఒక్క ఇంజనే ఉన్నంతకాలం మామూలు డీసీ కంట్రోలర్ చాలు. ప్రతి పట్టా ముక్కకీ విడిగా తీగ సోల్డర్ చేయండి, ముక్కల్ని కలిపే జాయినర్ల మీద నమ్మకం పెట్టుకోవద్దు. చక్రాలన్నీ కరెంటు తీసుకునే ఇంజన్ అయితే ఇంకా మంచిది. మీ చిన్న ఇంజన్ ప్లాస్టిక్ ఫ్రాగ్ మీద మొరాయిస్తుంటే అప్పుడు డీసీసీ ఆలోచించండి, ఎందుకంటే ఇంజన్‌లో పెట్టే డీసీసీ డీకోడర్‌కి కెపాసిటర్ తగిలిస్తే కరెంటు తెగిన ఆ క్షణం కూడా ఇంజన్ ఆగకుండా దాటేస్తుంది. క్యాబ్ కట్టేటప్పుడే సీటు కింద దానికి 20 మి.మీ. చోటు వదిలిపెట్టుకోండి, తర్వాత గోడ కోయాల్సిన అవసరం రాదు.

ఈ వారం రెండు పనులు చేసి ఇక్కడే రాయండి. అట్ట క్యాబ్ పక్కన 36 మి.మీ. బొమ్మని, అది లేకపోతే అంతే ఎత్తు కాగితం మనిషిని నిలబెట్టి, పట్టా ఎత్తు నుంచి ఒక ఫొటో తీయండి. పాయింటు మీద వ్యాగన్‌ని చేత్తో మెల్లగా తోస్తూ ఏ చక్రం ముందు దిగుతోందో, బ్లేడు మొన దగ్గరా ఫ్రాగ్ దగ్గరా అన్నది చూడండి. మొన దగ్గరైతే బ్లేడుని ఆకురాయితో కాస్త పదును చేయాల్సి రావచ్చు. అది ఎలా చేయాలో మీ ఫొటో చూసి చెబుతాను.